టెక్నికల్ రైటర్ ముఠా

ఆ రోజుల్లో ఉద్యోగ ప్రకటనలను నేను భక్తితో చదివేదాన్ని. నవ్వించడానికి అంటున్న మాట కాదు. ఎం.ఏ. ఇంగ్లిషు అయిపోయి నరసరావుపేటలో అమ్మ దగ్గర ఖాళీగా ఉన్న కాలం అది. ఫోనులో ప్రకటన కనిపిస్తే పడుకున్నదాన్ని లేచి కూర్చునేదాన్ని. టెక్నికల్ రైటర్ అనే ఉద్యోగం ఒకటుందని, ఒక యంత్రాన్నో సాఫ్ట్‌వేర్‌నో ఎలా వాడాలో మామూలు మాటల్లో రాసిపెట్టడమే ఆ పని అని అప్పుడే తెలిసింది. మందుల డబ్బాలోని మడత కాగితాన్ని, మిక్సీతో వచ్చిన పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది (ఇంట్లో అందరూ దీన్ని ఒక జబ్బు కింద లెక్కేసేవారు). ఆ జబ్బుకు జీతం ఇచ్చేవాళ్లున్నారని తెలిసి చాలా సంతోషించాను. ఆ సంతోషం ప్రకటనలు చదవడం మొదలుపెట్టే దాకా నిలిచింది.

ఒక ప్రకటనలో కొత్తవాళ్లకే ప్రాధాన్యం అని ఉండేది, కింది వరుసలో ఎనిమిదేళ్ల అనుభవం తప్పనిసరి అని ఉండేది. ఇంకొక కంపెనీ కిందటేడు విడుదల చేసిన తన సొంత సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్లు పనిచేసినవాళ్లు కావాలంది. నేను వీటిలో తప్పు పట్టలేదు. కాలాన్ని కూడా లొంగదీసుకున్న మనుషులు ఎక్కడో ఉన్నారు కాబోలు, వాళ్లు కూర్చున్న గదిలోకి వెళ్లి నేనూ ఒక కుర్చీ అడగడం మర్యాద కాదు అనుకునేదాన్ని. అందుకని ఒక్కదానికీ దరఖాస్తు పెట్టలేదు. అమ్మ కొన్నాళ్లు చూసి, శావల్యాపురంలో ఒక ప్రైవేటు బడిలో మాట్లాడి వచ్చింది. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే నాటికి నాకు వేరే ఉద్యోగం దొరక్కపోతే అక్కడ చేరాలని మా ఇద్దరి మధ్య ఒప్పందం. బడిపంతులు ఉద్యోగం తక్కువదని కాదు. నలుగురు పిల్లలు ఒక్కసారిగా మాట్లాడితే నా మాట ఆగిపోతుంది. రాయమంటే రాస్తాను, మాట్లాడమంటే కాగితం వెతుక్కుంటాను. ఆ బడిలో నేను ఏమైపోతానో నాకు బాగా తెలుసు.

ఇక్కడ మా మామయ్య గురించి చెప్పాలి. అమ్మకు తమ్ముడు. నాన్న లేని మా ఇంటికి పెద్దదిక్కు. ఆయన ముఠా మేస్త్రి. బొల్లాపల్లి వైపు మెట్ట ఊళ్లలో వానలు లేక పని దొరకనప్పుడు, అక్కడి మనుషుల్ని జట్లుగా కట్టి మిరప చేలకు తీసుకెళ్లడం ఆయన పని. రైతు ఫోను చేసి ఏం పని ఉందో చెబుతాడు. కోసేవాళ్లెవరు, కల్లంలో ఎండబోసి రంగుపోయిన తాలుకాయ ఏరేవాళ్లెవరు, బస్తాల్లో తొక్కేవాళ్లెవరు, లారీకి ఎత్తేవాళ్లెవరు అనేది మామయ్య చూసుకుంటాడు. ఎవరి చేతికి ఏ పని వస్తుందో ఆయనకు తెలుసు. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు, కానీ అచ్చులో ఉన్న మాట మీద ఆయనకున్న గౌరవం నాకు తెలిసిన ప్రొఫెసర్లకు లేదు. అచ్చేయించారంటే ఆలోచించే వేయించి ఉంటారని ఆయన నమ్మకం.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను ఫోను చూస్తూ నిట్టూర్చాను కాబోలు, ఏందది, పైకి చదువు అన్నాడు. గుంటూరులో ఒక చిన్న కంపెనీ, మిరప కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది, దానికి టెక్నికల్ రైటర్ కావాలి. ఇంతకంటే దగ్గరగా మళ్లీ ఏ ప్రకటనా రాదని నాకు తెలుసు. చదివి తెలుగులో చెప్పాను. ఇంగ్లిషు, తెలుగు, హిందీ, ఉర్దూ బాగా వచ్చి ఉండాలి. జావా రావాలి. ఫోటోషాప్ రావాలి. వీడియో తీయడం, కత్తిరించడం, డ్రోన్ ఎగరేయడం తెలిసి ఉండాలి. కొత్తవారై ఉండాలి, అనుభవం ఎనిమిదేళ్లకు తగ్గకూడదు. వయసు ఇరవై ఐదు దాటకూడదు. కలుపుగోలుగా మాట్లాడాలి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒంటరిగా పనిచేసుకోవాలి. టూవీలర్ లైసెన్సు ఉండాలి. ఎంత ఒత్తిడిలోనైనా చిరునవ్వు చెదరకూడదు.

మామయ్య అన్నం కలపడం ఆపి, ఎడంచేత్తో తువ్వాలు భుజం మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చర్చిలో వాక్యం చదివేటప్పుడు కూడా ఆయన అట్లాగే చేస్తాడు. అంతా అయ్యాక, "ఎంతమందిని అడిగాడు?" అన్నాడు. ఒక్కళ్లనే మామయ్యా అన్నాను.

ఆయన నవ్వాడు. నన్ను చూసి జాలిపడ్డట్టుగా నవ్వాడు. "నువ్వు పుస్తకాల్లో పడి పెరిగినదానివి, నీకు తెలవదులే అమ్మాయ్. కోసేవాడు, ఏరేవాడు, తొక్కేవాడు, ఎత్తేవాడు ఒక్కడే యాడన్నా ఉంటాడా? ఇది ముఠాకి పెట్టిన కబురు. ఆయన మేస్త్రి కోసం చూస్తన్నాడు."

అన్నాళ్లుగా నేను చదివిన ప్రకటనలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కొత్తవారు ఒకరు, అనుభవం ఉన్నవారు మరొకరు. కలుపుగోలుగా మాట్లాడేవాడు ఒకడు, మాట్లాడకుండా పనిచేసేది ఒకతె (అది నేనే). ఎక్కడా వైరుధ్యం లేదు. మామయ్య చెప్పిన పద్ధతిలో చదివితే అది ఎంతో బుద్ధిమంతులు రాసిన ప్రకటన. అది తప్పని నా చదువు చెబుతూనే ఉంది. కానీ తప్పు అనిపించేది ఇంత చక్కగా అతికినప్పుడు చదువు ఎంతసేపని వాదిస్తుంది? పైగా ఒంటరిగా వెళ్లే ధైర్యం నాకు ఎన్నటికీ రాదు. ముఠాలో ఒకతెగా అయితే వెళ్లగలను. సరే మామయ్యా అన్నాను.

అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలోంచి, "ఒరేయ్, దానికి కావాల్సింది ఉద్యోగంరా, కోతకి పోవటం కాదు" అంది. మామయ్య వినిపించుకోలేదు. అప్పటికే ఫోను తీసి ముఠా కట్టడం మొదలుపెట్టాడు.

జావాకు మా వీధి చివర కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే కంప్యూటర్ అక్కను అడిగాడు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు. ఆమె మాత్రం అప్పటిదాకా ఒక్క ఇంటర్వ్యూకూ వెళ్లలేదు. చానా రోజులుగా ఎవరన్నా పిలుస్తారేమోనని చూస్తున్నానన్నా అని, మంచి చీర కట్టుకుని వచ్చింది. ఫోటోషాప్‌కు ఫ్లెక్సీ బాబాయ్. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే కొట్టు ఆయనది. పుట్టినరోజు మనిషి మెడలోనూ పోయిన మనిషి మెడలోనూ ఒకే దండ వేసేవాడు. అడిగితే దండకేం తెలుసు అనేవాడు. వీడియోకు, డ్రోనుకు, టూవీలర్‌కు పెళ్లి వీడియోలు తీసే స్లోమోషన్. ఆయన వీడియోలో పెళ్లికూతురు గది నుంచి మండపానికి రావడానికి మనం ఒక భోజనం ముగించవచ్చు. ముస్లిముల పెళ్లిళ్లకు తిరిగి తిరిగి హిందీ, ఉర్దూ కూడా ఆయనకు వచ్చేశాయి. ఇంగ్లిషూ తెలుగూ రాయడానికి, ఇరవై ఐదు దాటకుండా ఉండడానికి నేను. ఒత్తిడిలో చిరునవ్వు ఎవరిది అని నేను అడిగాను. మామయ్య తడుముకోలేదు. కోతల్లో ముగ్గురు రైతులు ఒకేసారి ఫోనులో తిడుతుంటే తాను ఏం చేస్తాడో నన్నే గుర్తుచేసుకోమన్నాడు. నిజమే, నవ్వుతాడు.

కూలీలను తీసుకెళ్లే ఆటోలోనే గుంటూరు వెళ్లాం. మిరప యార్డుకు పోయే దారిలో, ఒక ఎరువుల కొట్టు పైన ఆఫీసు. మెట్ల దాకా మిరప కోరు, ముక్కు మండించే ఘాటు, వస్తోంది. నేను తప్ప అందరూ తుమ్ముతూ పైకెక్కారు (నేను భయంతో తుమ్మడం మరిచిపోయాను). లోపల ఒక కుర్రాడు లేచి, టెక్నికల్ రైటర్ పోస్టుకు వచ్చింది ఎవరని అడిగాడు.

"అందరం బాబూ," అన్నాడు మామయ్య.

ఆ కుర్రాడు మమ్మల్ని చూశాడు. కంప్యూటర్ అక్క చీరను, ఫ్లెక్సీ బాబాయ్ చేతికున్న రంగు మరకలను, స్లోమోషన్ మెడలోని కెమెరాను, ఫైలు వెనక దాక్కున్న నన్ను ఒక్కొక్కరిగా చూశాడు. అతని ముఖంలో వెటకారం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. తాను అనుకోకుండా ఏదో మంత్రం చదివితే నిజంగా దేవదూతలు దిగి వచ్చినట్టు నిలబడిపోయాడు. లోపలికి వెళ్లి యజమానిని తీసుకొచ్చాడు. సారు యాభై దాటిన మనిషి. ఆయనకు మామయ్య అందరినీ పరిచయం చేసి, ప్రకటనలోని వరుసల ప్రకారం ఎవరు ఏ పనికో చెప్పి, మేస్త్రిని నేను అన్నాడు. సారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

అప్పుడు మామయ్య ఏ రైతునైనా మొదట అడిగే ప్రశ్నే అడిగాడు. "పనేందండీ?"

ఆ కుర్రాడు సారు వైపు చూశాడు. ఎందుకంటే ప్రకటనలో అన్నీ ఉన్నాయి, పని ఒక్కటే లేదు. సారు ఆ కాగితం తెప్పించి, కళ్లద్దాలు పెట్టుకుని, బహుశా మొదటిసారి, పూర్తిగా చదివాడు. జావా ఎవరు పెట్టారని అడిగితే ప్రోగ్రాములు రాసే అతను చెయ్యెత్తాడు. తనకు తోడు దొరుకుతుందనుకున్నాడట. డ్రోను అమ్మకాలు చూసే అతనిది. టూవీలర్ సారుదే. మిగతాదంతా ఆ కుర్రాడు ఇంటర్నెట్‌లో నాలుగైదు ప్రకటనలు చూసి, ఏది తీసేస్తే ఏమంటారోనని, అన్నీ కలిపి పెట్టాడు. అంటే ప్రకటనను కూడా ఒక ముఠాయే రాసింది. మేస్త్రి లేడు, అంతే.

సారు కాగితం పక్కన పెట్టి మామయ్యతో మామూలుగా మాట్లాడాడు. కోల్డ్ స్టోరేజీల్లో గుమాస్తాలకు తమ సాఫ్ట్‌వేర్ వాడడం రావడం లేదట. సరుకు దిగిన ప్రతిసారీ ఫోను చేస్తారట. స్నానానికి పోయినా, పెళ్లికి పోయినా ఫోనే. ఆ ఫోను ఆగిపోయేలా ఒక పుస్తకం రాసే మనిషి కావాలి, అంతకంటే ఏమీ అక్కర్లేదు అన్నాడు. నేను ఫైలు దించాను. ఆ పని నాకు తెలుసు. నేను చేయగలనని అంతకుముందు ఏ గదిలోనూ అనిపించలేదు, అక్కడ అనిపించింది. ఒకసారి మీరు చేసి చూపించండి సార్, రాస్తాను అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సారు కంప్యూటరు ముందు కూర్చుని, రైతు తెచ్చిన మిరప టిక్కీలను (మా వైపు మిరప బస్తాను టిక్కీ అంటారు) ఎలా నమోదు చేయాలో చూపించాడు. నేను ఒక కాగితం వెనక తెలుగులో రాశాను. రైతు పేరు కొట్టండి. ఊరు కొట్టండి. టిక్కీలు ఎన్నో కొట్టండి. ఆకుపచ్చ బొమ్మ నొక్కండి. కాసేపు ఆగండి. రసీదు తీసి రైతుకు ఇవ్వండి. దీన్ని ఎవరన్నా ఏమీ తెలియని మనిషి చేస్తే చూడాలి అన్నాడు సారు. అందరూ మామయ్య వైపు చూశారు.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, రైతు పేరు దగ్గర మా అమ్మ పేరు కొట్టాడు (సెంటు భూమి లేని మా అమ్మకు ఆ రోజు బోలెడు టిక్కీలు వచ్చాయి). ఊరు, టిక్కీల లెక్క కొట్టాడు. ఆకుపచ్చ బొమ్మ నొక్కాడు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగాడు. పక్కన మిషనులోంచి రసీదు బయటికి వచ్చింది. మామయ్య దాన్ని చూశాడు. ముట్టుకోలేదు. ఇంకా ఆగాడు. గది మొత్తం ఆయనతో పాటు ఆగింది. స్లోమోషన్ కూడా కొంచెం కంగారుపడ్డాడు. చివరికి సారు, రసీదు వచ్చింది కదండీ, తీయరే అన్నాడు.

"ఆగమని రాసింది గదండీ," అన్నాడు మామయ్య. నా వైపు తిరిగి, తప్పు తనదేమోనన్నట్టు మెల్లగా, "ఎందాకనో రాయలేదమ్మాయ్," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఈ వృత్తి గురించి నేను చాలా చదివాను, పాఠాలు కూడా విన్నాను. కానీ నేను రాసిన ఒక మాట కోసం చేతులు ఒళ్లో పెట్టుకుని, రసీదు కళ్లెదుట ఉన్నా కదలకుండా ఆగిన మనిషిని చూసినప్పుడు కలిగిన భయభక్తులు మళ్లీ కలగలేదు. మాట రాస్తే ఒకరు దాన్ని నిజంగా నమ్ముతారని ఆ రోజే తెలిసింది. కలం తీసుకుని, కాసేపు ఆగండి అన్నది కొట్టేసి, రసీదు బయటికి వచ్చేదాకా ఆగండి అని రాశాను. సారు ఆ కొట్టివేతను చూసి, ఎప్పుడు చేరతావమ్మా అని అడిగాడు.

అందరికీ టీలు వచ్చాయి. మామయ్య టీ తాగి, గ్లాసు కింద పెట్టి, మిగతా వాళ్లు ఏ రోజు నుంచి రావాలండీ అన్నాడు. అప్పుడు సారు కొంచెం ఇబ్బందిగా చెప్పాడు. పోస్టు ఒక్కటేనండీ, మిగతావి మెల్లగా అమ్మాయే నేర్చుకుంటుంది అని. మామయ్య ఆయన ముఖంలోకి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. కంప్యూటర్ అక్క మాత్రం దిగేటప్పుడు, ఇంటర్వ్యూ అంటే ఇంతేనా, దీనికా నేను ఇన్నాళ్లు భయపడింది అంది. మరుసటి ఏడు ఆమె వేరే ఊళ్లో తనంతట తానే ఒక ఉద్యోగం తెచ్చుకుంది.

తిరుగు ప్రయాణంలో అందరూ నన్ను ఆటపట్టిస్తున్నారు. ఫిరంగిపురం దాటాక మామయ్య నన్ను పిలిచాడు.

"అమ్మాయ్, అయితే నిజంగా ఒక్క మనిషికేనా అది?"

"అవును మామయ్యా."

"అన్నీ వచ్చిన మనిషి ఉంటదంటావా?"

ఉండొచ్చు, మనకు తెలియదుగా అన్నాను. ఆయన బయట చేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు కోపం లేదు, వెటకారం లేదు. ఎక్కడో ఉన్న ఆ మనిషిని తలుచుకుని ఆశ్చర్యపోతున్నాడు.

"మరి ఆ మనిషి ఎప్పుడు తింటది?" అన్నాడు.

ఆ మాటకు ఆటోలో అందరూ నవ్వారు. ఆ రోజు నేనూ నవ్వాను. ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. నేను గుంటూరులో కొన్నేళ్లు చేసి, హైదరాబాదులో పెద్ద కంపెనీకి మారాక కూడా, ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మామయ్య, ఆ మనిషి కనపడిందా అని అడిగేవాడు. ఇంకా లేదు మామయ్యా అనేదాన్ని. కనపడితే తీసుకురా, అన్నం పెట్టి పంపిద్దాం అనేవాడు. జబ్బుపడి ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా అడిగాడు. అదే జవాబు చెప్పాను. చూస్తానే ఉండు అన్నాడు.

కిందటి కోతల కాలంలో ఆయన పోయాడు. జ్ఞాపకార్థ కూటానికి ముఠా అంతా వచ్చింది. ఫ్లెక్సీని ఫ్లెక్సీ బాబాయే వేశాడు. మామయ్య నవ్వుతున్న ఫోటో. మెడలో దండ లేదు. అడిగితే, వేద్దామని కూర్చుంటే చెయ్యి రాలేదన్నాడు. పాస్టరు గారు మామయ్య గురించి సాక్ష్యం చెప్పమంటే నేను లేచి నిలబడి, ఎప్పటిలాగే కాగితం వెతుక్కున్నాను. అప్పుడు స్లోమోషన్ లేచి, "అందరం బాబూ" అన్న మాట దగ్గర మొదలుపెట్టి గుంటూరు కథ మొత్తం చెప్పాడు. ఏడ్చిన కళ్లతోనే అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

హైదరాబాదుకు తిరిగి వచ్చిన కొన్నాళ్లకు మా ఆఫీసులో నా జట్టుకు ఒక టెక్నికల్ రైటర్ కావాల్సి వచ్చింది. మనుషుల్ని తీసుకునే విభాగం వాళ్లు ప్రకటన రాసి, ఒకసారి చూడమని నాకు పంపారు. కొత్తవారు కావాలి, అనుభవం ఉండాలి. వీడియోలు, బొమ్మలు, ప్రోగ్రాములు, అన్నీ ఉన్నాయి. చిరునవ్వు కూడా ఉంది. పని లేదు. నేను దాన్ని ప్రింటు తీసి, పైన రెండు వాక్యాల్లో పని ఏమిటో రాశాను. తర్వాత, అలవాటు కొద్దీ, ఒక్కొక్క వరుస పక్కన ఎవరో రాసుకుంటూ పోయాను. ఇది కంప్యూటర్ అక్క, ఇది ఫ్లెక్సీ బాబాయ్, ఇది స్లోమోషన్. సగంలో కలం ఆగింది. ఈ ఏళ్లలో ఈ పనులన్నీ, అరకొరగానో బాగానో, నేనే చేస్తున్నాను. ఉర్దూ తప్ప. ఉదయం నుంచి ముగ్గురు మూడు రకాలుగా దిద్దమంటే దిద్దుతూ, ముగ్గురికీ నవ్వుతూ జవాబు చెప్పాను.

చివరికి ఆ మనిషి కనపడింది. చూడడానికి పెద్ద గొప్పగా ఏమీ లేదు. మెడ నొప్పి, కళ్లద్దాలు, పక్కన మూత తీయని అన్నం డబ్బా. గడియారం చూస్తే మధ్యాహ్నం దాటిపోయింది. నాకు నవ్వొచ్చింది. ప్రకటనను అట్లాగే వదిలేసి, డబ్బా తీసుకుని భోజనాల గదిలోకి వెళ్లాను. ఆలస్యంగా వచ్చిన వాళ్లు కొందరు ఒక బల్ల చుట్టూ కూర్చుని తింటున్నారు. నన్ను చూసి, కొంచెం జరిగి చోటిచ్చారు.